గడపకు డబ్బా పసుపు

అత్తమ్మా,

రేపు నీ ఏడాది మాసికం. చుట్టాలు వస్తారని నీ చిన్నకొడుకు మొన్న వీధి తలుపుకు రంగు వేశాడు. పాత రంగు గీకలేదు, దుమ్మయినా తుడవలేదు, పెచ్చుల మీదే నీలం పులిమాడు. అంతటితో ఆగినా బాగుండేది. గడపకు పసుపుపచ్చ పెయింటు వేసి, దాని మీద ఎర్ర పెయింటుతో బొట్లు కూడా పెట్టాడు.

"వదినె, ఇగ వారం వారం పసుపు రాసే ఫికర్ లేదు నీకు. ఎట్ల మెరుస్తుందో సూడు!" అన్నాడు, మన హుస్సేనీ ఆలం బస్తీ మొత్తంలో ఇంత తెలివి ఎవరికీ లేనట్టు.

"మస్తుగ మెరుస్తుంది. రేపటి సంది అన్నం గూడ పళ్లెంల బొమ్మ గీసి పెడత, తిను," అన్నాను.

మెచ్చుకున్నాననుకుని నవ్వాడు.

ఈరోజు శుక్రవారం కదా, పసుపు తడిపి రాశాను. పెయింటు మీద నిలవక జారిపోయింది. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గీకడం మొదలుపెట్టాను.

"ఖరాబ్ జేస్తున్నవ్ వదినె! రేపు చుట్టాలు ఏమనుకుంటరు?" అని లొల్లి పెట్టాడు. చుట్టాల భయం ఉన్నవాడికి తల్లి పద్ధతి గుర్తులేదు.

నేను చేయి ఆపలేదు. పెయింటు లేచినచోట గడప బయటపడింది. నువ్వు ఏళ్ల తరబడి రాసిన పసుపు కొయ్యలోకి ఇంకిపోయి, అలాగే ఉంది.

దాని మీద నేను మళ్లీ పసుపు రాయలేదు. కుంకుమ బొట్లు మాత్రం పెట్టాను.