మూడోసారి అడగని యాప్

బొల్లాపల్లి

ఉజ్మా మేడం గారికి నరసింహారావు నమస్కరించి రాసేది. ఫోన్లో మాట గాలికి పోతుంది, అందుకే కాగితం. యాప్‌ల తయారీ నేర్పే మీ క్లాసులో మా అమ్మాయి యశస్విని, మిరపాకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ చేసి నా ఫోన్లో పెట్టింది. రైతు ఎవరైనా వాడి చూస్తేనే సర్టిఫికెట్ అన్నారట. వాడుతున్నాను, ఫొటో రావడం లేదు. పిల్లకు సర్టిఫికెట్ రాదేమోనని దిగులుగా ఉంది.

ఇట్లు,
నరసింహారావు, మాజీ సర్పంచ్

తా.క. యాప్‌కు మర్యాద తెలుసు. కెమెరా వాడుకోవచ్చా అని నన్ను అడిగింది. మా ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు.

నరసరావుపేట

నరసింహారావు గారికి నమస్కారం. అడిగినప్పుడు మీరేం నొక్కారు?

ఉజ్మా

తా.క. శుక్రవారమే పరీక్ష.

బొల్లాపల్లి

మేడం గారికి,

‘వద్దు’ నొక్కాను. అడగ్గానే సరే అంటే ఇక పెద్దరికం ఏం మిగులుతుంది? ఊళ్లో ఎవరొచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవడం నా పద్ధతి. ఇది రెండుసార్లు అడిగి ఊరుకుంది! మూడోసారి అడుగుతుందేమోనని చేలో గంటసేపు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మాయి “నా పుట్టి ముంచావు గదా నాన్నా!” అని అన్నం మానేసింది. తప్పు నాదేనని సంతకం పెట్టి ఇస్తాను. పిల్లను ఫెయిల్ చేయకండి.

ఇట్లు,
నరసింహారావు

తా.క. మా ఆవిడ, “ఏమయ్యా, నీ సంగతి తెలిసేసరికి నాకు పాతికేళ్లు పట్టింది, దీనికి రెండుసార్లకే తెలిసొచ్చిందే!” అంది.

నరసరావుపేట

నరసింహారావు గారికి,

గండం గడిచింది! రెండుసార్లు వద్దంటే ఫోను ఇక అడగనివ్వదు. అప్పుడు ఏం చేయాలో మా క్లాసులో ఎవరూ ఆలోచించలేదు. మీ దెబ్బకు యశస్విని కూర్చుని, వద్దన్నవాళ్లకు తెగుళ్ల బొమ్మలు చూపించి, ఆకుతో పోల్చుకోమనేలా యాప్‌ను మార్చింది. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన అందరి యాప్‌లోనూ ‘వద్దు’ నొక్కాడు. పన్నెండు ఆగిపోయాయి. మీ అమ్మాయిదొక్కటే నడిచింది. సర్టిఫికెట్ ఇదే కవర్లో పెట్టాను. సోమవారం మాచర్లలో మొదలయ్యే కొత్త క్లాసుకు తననే పాఠం చెప్పమంటున్నాం. పంపిస్తారా?

ఉజ్మా

తా.క. పంపిస్తారా? ఇది రెండోసారి.

బొల్లాపల్లి

మేడం గారికి,

సర్టిఫికెట్ చూసి గుండెల మీద బరువు దిగింది. ఇహ మీరు అడిగినదానికి జవాబు: వద్దు. తాజా కలంలో అడిగినదానికీ వద్దు. మూడో ఉత్తరం వెంటనే రాయండి.

ఇట్లు,
నరసింహారావు

తా.క. ఇవాళ పొద్దున అమ్మాయి పెట్టె సర్దుకుని, “నాన్నా, పోయి రానా?” అంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను అడగడం ఇదే మొదలు. ఒక్కసారికే సరే అనేసి, మాచర్ల బస్సు ఎక్కించి వచ్చాను. ఈ ముక్క మా ఊళ్లో ఎవరికీ తెలియనీయకండి.