తోడమ్మ పక్కన ఉన్నవి

అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ అబ్బాయి, చిట్టి, నేను ఒంట్లో కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరు, వదిన, అన్నయ్యగారు కులాసా అని తలుస్తాను. కోపానికి కూడా క్షేమసమాచారం రాసే అలవాటుంటే, నా కోపం మహా ఆరోగ్యంగా ఉందని రాసేదాన్ని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీరడిగినవి చెప్పేస్తాను, లేకపోతే "అడిగినదానికి జవాబు లేదు, అన్నీ కబుర్లే" అంటారు. చిట్టికి పై పన్ను ఊడింది. దాన్ని మా ల్యాబులో దాచిపెట్టమని ఒకటే పేచీ. మీ అబ్బాయికి మోకాలి నొప్పి తగ్గింది, దాని గురించి చెప్పడం తగ్గలేదు. మీ పాత కళ్ళజోడు సోఫా సందులో దొరికింది.

ఇక మీ అసలు ప్రశ్న. "కంటికి కనపడని పురుగుల్ని ఏళ్ళ తరబడి దాచి ఏం చేస్తారే, వాటికి తిండెవరు పెడతారు?" అన్నారు. తిండి అక్కర్లేదు అత్తయ్యా. వాటిని గడ్డకట్టించి, తడి అంతా లాగేసి, చిన్న గాజు గొట్టంలో పెట్టి మూతిని మంటతో మూసేస్తాం. లోపల మిగిలేది చిటికెడు తెల్లటి పొడి. అందులో అవి ప్రాణం బిగపట్టుకుని పడుకుంటాయి. ఎవరికైనా అవసరం పడితే గొట్టం విరిచి, కాస్త పోషకాలున్న నీళ్ళు పోస్తాం. మర్నాటికి ఆ నీళ్ళు మబ్బు పడతాయి. లేచాయన్నమాట. ఆ మబ్బు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషంతో గంతెయ్యాలనిపిస్తుంది.

ఎవరికి అవసరమంటారా? మందుల కంపెనీలు తమ మందు క్రిమిని నిజంగా చంపుతుందో లేదో తేల్చుకోవడానికి మా దగ్గరి క్రిమినే తీసుకెళ్తాయి. అందరూ ఒకే క్రిమి మీద పరీక్షిస్తేనే కదా ఎవరి మందు పస ఎంతో తెలిసేది! మందులకు లొంగని జబ్బు వస్తే పరిశోధకులు మా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఆ మందులు పుట్టకముందు దాచిన పాత క్రిమిని, ఇవాళ్టి క్రిమిని పక్కపక్కన పెట్టి మధ్యలో ఏం మారిందో చూస్తారు.

పెరుగు సంగతి మీకు నేను చెప్పేదేముంది. మీ పాలకేంద్రం మూతపడినప్పుడు, తోడున్న స్టీలు క్యాను ఒళ్ళో పెట్టుకుని మా కౌంటరు ముందు కూర్చుని, "అమ్మాయ్, దీన్ని బతికిస్తావా?" అని అడిగింది నన్నే. "తోడు ఇచ్చి కోడల్ని పట్టుకెళ్ళింది" అని మా వాళ్ళు ఇంకా ఏడిపిస్తూనే ఉంటారు. మీ తోడుకు మేం పెట్టిన నంబరుకు నోరు తిరగదు. పాలకేంద్రంలో మిమ్మల్ని పిలిచిన పేరుతోనే దాన్నీ తోడమ్మ అంటాం.

ఇప్పుడు మాకో కొత్త డైరెక్టరు వచ్చారు. ఏ గదిలో అడుగుపెట్టినా "ఇది ఖాళీ చేస్తే ఏమవుతుంది?" అంటారు. అందుకని ఖాళీ సార్ అని పేరు పెట్టాం. ఆయన కంప్యూటరులో చూసి, చాలా ఏళ్ళుగా బయటివాళ్ళెవరూ అడగని జాతులన్నీ డెడ్ స్టాక్ అని తేల్చారు. వచ్చే సోమవారం వాటన్నిటినీ పెద్ద కుక్కరు లాంటి ఆవిరి యంత్రంలో ఉడికించి పారెయ్యాలట. వాటి పూచీ నాది కనక, సరేనని నేను సంతకం పెట్టాలట.

"అవి చావలేదు సార్, పడుకున్నాయి" అన్నాను.

"ఇన్నేళ్ళు లేవనివాణ్ణి ఏమంటారు మేడమ్?"

"లేపి చూడకుండా పాతిపెట్టినవాణ్ణి ఏమంటారు సార్?"

నిరుడు ఎండాకాలం జరిగింది ఆయనకు చెప్పాను. ఒక పెద్ద డెయిరీలో ఉన్నట్టుండి పాలు తోడుకోవడం మానేశాయి. బ్యాక్టీరియాకు కూడా వైరస్ పడుతుంది. తోడులోని బ్యాక్టీరియాను తినేసే వైరస్ ఒకటి వాళ్ళ తొట్ల నిండా చేరింది. వాళ్ళు ఆ వైరస్‌ను పంపిస్తే, మా దగ్గరున్న తోడులన్నిటి మీదా వేసి చూశాం. తోడమ్మనూ తినేసింది అత్తయ్యా. మీరు నొచ్చుకుంటారని అప్పుడు రాయలేదు. దానికి లొంగనిది ఒక్కటే దొరికింది. తోడమ్మ పక్క గొట్టంలో ఉన్నది, ఎప్పుడో ఒక మేకల కాపరి ఇచ్చినది. అంతకుముందు దాన్ని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. దాంతోనే ఆ డెయిరీ మళ్ళీ నడిచింది. అందుకే అది ఇవాళ డెడ్ స్టాక్ కాదు. తోడమ్మ మాత్రం డెడ్ స్టాకే.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తాను. తోడమ్మ మా అత్తగారిదని ఎవరో ఆయన చెవిన వేశారు. నన్ను గదికి పిలిచి, కుర్చీ చూపించి, ఎంతో మెత్తగా అన్నారు. "మీ ఇంటివాళ్ళది పక్కన పెట్టేసుకోండి మేడమ్. దాని జోలికి రాం. మిగతావాటికి సంతకం పెట్టేయండి."

నా చెయ్యి కలం దాకా వెళ్ళింది. అబద్ధమెందుకు, వెళ్ళింది. క్యాను మూత చుట్టూ మీరు చుట్టిన తడిగుడ్డ కళ్ళ ముందు కదిలింది. ఆ వెనకే మేకల కాపరి కూడా గుర్తొచ్చాడు.

"ఉంటే తోడమ్మతో పాటు పక్కవీ ఉంటాయి సార్. లేకపోతే దాన్ని కూడా తీసుకెళ్ళండి" అన్నాను.

"అయితే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు" అన్నారు. ఆ సంతకం ఇంకొకరితో పెట్టించుకుంటారు.

ఉద్యోగం పోయిందని మీ అబ్బాయికి చెప్పాను. మీ తోడును కాపాడే అవకాశం చేతికొస్తే, మిమ్మల్ని మాటమాత్రం అడగకుండా వదిలేసి వచ్చానని మాత్రం చెప్పలేదు. అది మొదట మీరే వినాలి. తిట్టండి, పడతాను. తప్పయిందని మాత్రం అనను. రేపు ఎవరి పాలు తోడుకోవో, ఎవరి జబ్బు మందుకు లొంగదో నాకు తెలియదు, ఖాళీ సార్‌కూ తెలియదు. తెలియదు కాబట్టే అన్నీ ఉండాలి.

మా సంస్థ నియమం ఒకటుంది. ఏ జాతినైనా పారేసే ముందు దాన్ని ఇచ్చినవాళ్ళను అడగాలి. ఆయన ఎవర్నీ అడగలేదు. నేను అడుగుతున్నాను. మీలాగే మాకు క్రిముల్ని ఇచ్చిన రిటైరైన కాలేజీ మాస్టారికి, బ్రెడ్డు కాల్చే ఆయనకు, ఆసుపత్రి నర్సమ్మకు ఫోన్లు చేశాను. కొందరు వస్తామన్నారు, కొందరు ఎందుకొచ్చిన గొడవ అన్నారు. ఫోనులో మీకు నా మాట సగమే వినపడుతుంది కనక ఇలా రాస్తున్నాను. సోమవారం పొద్దున్నే ఆ గొట్టాలు దాచే శీతల గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. రావద్దన్నాం కదా అంటే, ఉద్యోగానికి రాలేదు, తోడమ్మ కోడలిగా వచ్చానంటాను.

మీరూ రండి. వదినకు నేను సర్దిచెబుతాను. కానీ వచ్చి "నా తోడు నాకిచ్చేయండి" అని మాత్రం అనకండి. నవ్వుతూ చేతిలో పెట్టి, మీరు గేటు దాటేలోగా మిగతావి ఉడికించేస్తారు. "ఎవరివీ పారేయడానికి వీల్లేదు" అనండి. పాలకేంద్రంలో ఒకప్పుడు మేనేజరు మీద లేచిన గొంతుందే, ఆ గొంతుతో అనండి. ఆనాడు మీరు అడిగినదానికి "బతికిస్తాను" అని జవాబిచ్చాను. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే మాట ఇచ్చాను.

మీకోసం రెండో కుర్చీ వేసి ఉంచుతాను. ఇన్నాళ్ళూ పాలకు తోడు వేశారు. ఈసారి నాకు తోడు రండి అత్తయ్యా.

ఇట్లు,
మీరు ఏరి తెచ్చుకున్న
మొండి కోడలు