తోడు సంతకం

అక్కా, ప్రాణానికేం ఢోకా లేదు, కంగారుపడకు. చిగుళ్ల జబ్బు ముదిరి ఎముక దాకా పోయింది. కింది పళ్లు నాలుగు ఊగుతున్నాయి. చిగుళ్లు కోసి తెరిచి, పళ్ల మొదళ్లు గీకి శుభ్రం చేసి, అరిగినచోట ఎముక పొడి నింపి కుట్లు వేస్తే దక్కవచ్చట. లేదంటే పీకేయడమే. కోయించుకుంటానన్నాను.

ఒప్పుకోలు కాగితంలో తోడు వచ్చినవారి సంతకానికి ఒక గడి ఉంది. ఒంటరిగా బతికేవాళ్లు మనుషులు కారా, మా ఒంటికి ఇంకొకరి పూచీ ఎందుకని ఆస్పత్రి దద్దరిల్లేలా వాదించి, అందులోనూ నేనే సంతకం గీకాను. నర్సమ్మ చూసి, "రెండూ మీ చేతి రాతే కదండీ. ఎవరూ లేరా?" అంది మెల్లగా. ముప్పై ఏళ్లుగా ఎవరికీ తగ్గని నోరు, అక్కా, నీ పేరు చెప్పింది. ఆవిడే ఆ గడి ఖాళీగా ఉంచమని ఇంకో కాగితం ఇచ్చింది.

బావ మోకాలు ఎలా ఉంది? ఆ రోజు ఆయనతో వాదన పెట్టుకుని కంచం ముందు నుంచి లేచి రావడం నాదే తప్పు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు.

గురువారం పొద్దునే ఆపరేషన్. రాగలవా? వారం రోజులు నోరు మెదపకూడదట, కాబట్టి పోట్లాట ఉండదు. పిల్లలిద్దరికీ నా దీవెనలు. వస్తే కళ్లజోడు మరిచిపోకు, ఆ గడి మరీ ఇరుకు.

నీ తమ్ముడు