నేను తాగని పచ్చపొడి

ఆగస్టు 19, 2024

రేపు మొదటి కీమో. కుడి రొమ్ము తీసేసిన చోట కుట్లు మానాయి. తిండి సంగతి నెల్లూరు డాక్టరమ్మను అడిగాను. గుడ్డు, చేప, పప్పు, పెరుగు, ఇంట్లో వండినది ఏదైనా తినమంది. బయట అమ్మే పొడులు, క్యాప్సూల్స్ మాత్రం తనను అడగకుండా ముట్టుకోవద్దంది. కొన్ని కీమో మందుకు అడ్డు తగలవచ్చట, కొన్ని లివర్‌కు చెరుపట. విటమిన్ తక్కువైతే రక్తపరీక్షలో తెలుస్తుంది, అప్పుడు తనే రాస్తానంది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మెలికలు లేకుండా చెప్పేవాళ్లంటే నాకు గౌరవం.

వాకాడు చేరేసరికి చర్చి ఆడవాళ్లు వరండా నిండా ఉన్నారు. చేప తింటే చీము పడుతుందట. గుడ్డు వేడట. చక్కెర తింటే గడ్డ మళ్లీ వస్తుందట. వాళ్లు వద్దన్నవన్నీ తీసేస్తే గంజి మిగిలింది. అదీ ఉప్పు లేకుండా.

ఆగస్టు 23

వాంతులు. రాయలేను.

ఆగస్టు 29, సాయంత్రం 6

కోడలు రెజీనా డబ్బా తెచ్చింది. పచ్చపొడి. తను చేరిన నెట్‌వర్క్ కంపెనీది. మా అబ్బాయి కిషోర్ బాబు రొయ్యల గుంటల్లో రెండు పంటలు వరసగా వైరస్ తగిలి పోయాక, ఈ డబ్బాలు అమ్మే ఇల్లు నడుపుతోంది. మనవరాలు నవోమి హాస్టల్ ఫీజూ వీటి మీదే.

అత్తమ్మా, పొద్దున ఒక స్పూను, రాత్రి ఒక స్పూను, నా కోసం తాగండి అంది. డాక్టరమ్మ వద్దన్నదని చెప్పాను. వాళ్ల మందు తప్ప ఇంకోటి ఒప్పుకుంటారా అత్తమ్మా వాళ్లు, నన్ను కంపెనీలో చేర్చిన అప్‌లైన్ మేడం ముందే చెప్పింది, డాక్టర్లు ఇట్లే అంటారని అంది.

ఇంకెవరైనా అయితే గేటు చూపించేదాన్ని. ఆపరేషన్ తర్వాత కోత నుంచి కారే నీరు పట్టే డ్రెయిన్ సంచి రోజూ వంచి, కొలిచి, కడిగింది ఈ పిల్లే. కన్నకొడుకు ఆ గదిలోకి తొంగిచూడలేదు. తాగుతానన్నాను.

రాత్రి సింకులో వంపి నీళ్లు వదిలాను.

సెప్టెంబరు 18

చేపల చెంచమ్మ వచ్చింది. పట్టపుపాలెం నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని, నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ మా గుమ్మానికి వస్తోంది. నా తల చూసి, కొండెక్కకుండానే గుండు కొట్టిచ్చుకున్న కిరస్తానమ్మవు నువ్వేలే టీచరమ్మా అంది. ఈ నెలలో మొదటిసారి నవ్వాను. పాలసొర చేప తీసుకుని, పొరటులా పుట్టు చేయించుకుని తిన్నాను. చీము పట్టలేదు.

అక్టోబరు 22

నాలుగో కీమో, ఆఖరిది. ఇకమీదట రోజుకో మాత్ర. రక్తం బాగుందంది డాక్టరమ్మ. ఏం తింటున్నారని అడిగితే చేపలు, గుడ్లు అన్నాను. పక్కన రెజీనా నవ్వుకుంది. ఆ నవ్వు దేనికో నాకు తెలుసు.

డబ్బా అయిపోవలసిన రోజుకే అయిపోతోంది. మోసంలోనూ నా కొలత తప్పదు.

డిసెంబరు 26

తల మీద వెంట్రుకలు వచ్చాయి. నిన్న క్రిస్మస్ ఆరాధనలో అందరూ చేతితో తడిమి చూశారు. ఈరోజు తెలిసింది, నా గుండు ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి రెజీనా వాట్సాప్‌లో వేసింది. మా అత్తమ్మ, మా పొడి అని కింద రాసింది. నన్ను అడగలేదు. బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయట. గుంటలు ఎండిన తర్వాత కిషోర్ బాబు భోజనం దగ్గర పాట తీయడం ఇదే మొదలు.

నేను పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

జనవరి 6, 2025

చెంచమ్మ తట్ట లేకుండా వచ్చింది. ఎడమ రొమ్ములో గడ్డ. నెల్లూరులో ముక్క తీసి పరీక్ష చేశారు. అదే జబ్బు. చిన్నగానే ఉంది, తీసేస్తే సరిపోతుందని ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. అది చెప్పడానికి రాలేదు. నువ్వు తాగిన పొడి నాకూ ఇప్పించు టీచరమ్మా అంది.

రెజీనా సగం ధరకే రెండు డబ్బాలు ఇచ్చింది. ఆశతో కాదు, జాలితో. నేనే పక్కన కూర్చుని చూశాను.

ఆపరేషన్ మానవద్దు అన్నాను. రెండుసార్లు అన్నాను. మానతానా ఏంది అంది.

నేను ఆ పొడి తాగలేదని మాత్రం అనలేదు. రెజీనా అక్కడే ఉంది.

జనవరి 7

ఈరోజూ అనలేదు.

మార్చి 27, మధ్యాహ్నం

చెంచమ్మ మళ్లీ చేపలు తెస్తోంటే ఆపరేషన్ అయిపోయి తేరుకుందనుకున్నాను. అడిగినప్పుడల్లా అంతా బాగుండాది అనేది. ఈరోజు ఎడమ చెయ్యి ఎత్తలేక, తట్ట దించమని నన్ను పిలిచింది. పైట పక్కకు తొలగింది. లోపలికి తీసుకెళ్లి చూశాను. గడ్డ చర్మం మీదికి వచ్చింది. చుట్టూ ఎర్రగా, గట్టిగా ఉంది.

ఆపరేషన్‌కు పోనేలేదు. పొడి గడ్డను ఇరగ్గొడతా ఉండాది, అందుకే బయటికొస్తా ఉండాదంట, మీ కోడలి మేడం ఫోన్‌లో చెప్పింది అని నాకే వివరించింది.

చేపలు వద్దన్నాను. ఎందుకని అడిగింది. తలుపు వేసుకున్నాను.

మార్చి 28

కిషోర్ బాబుకు చెప్పాను. నీళ్లు తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టాడు. ఒక్క స్పూను కూడా తాగలేదా అమ్మా అన్నాడు. లేదన్నాను. ఇప్పుడెందుకు చెప్తున్నావు, అప్పుడే వద్దనుంటే పొయ్యేది కదా, లేకుంటే ఎప్పటికీ చెప్పకుండా ఉండాల్సింది అన్నాడు. నవోమి పరీక్షలయ్యేదాకా ఆగమన్నాడు.

గుంటల మందుల షాపువాడు చెప్పిన ప్రతి డబ్బా కొని నీళ్లలో పోసినవాడు వీడు. ఆ మాట అన్నాను. అనవలసింది కాదు. రొయ్యలకు నోరు లేదులే అమ్మా, నీకుండాది కదా అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చిలో నా కృతజ్ఞతా కూటం. రెజీనా ఎప్పుడో ఏర్పాటు చేసింది. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు పిలిచారు. చెంచమ్మను నేనే రమ్మన్నాను. వెనక చెప్పుల దగ్గర కూర్చుంది.

ఆపరేషన్ అయింది, నాలుగు కీమోలు అయ్యాయి, చేపలు తిన్నాను, మాత్ర వేసుకుంటున్నాను, దేవునికి స్తోత్రం అన్నాను. కోడలు ఇచ్చిన పొడి ఒక్క స్పూను కూడా నా గొంతు దిగలేదు, అంతా సింకులో పోశాను అన్నాను.

ఎవరో ఆమెన్ అన్నారు, అలవాటు కొద్దీ.

గేటు దాటకముందే తీర్పు వచ్చింది. కోడలికి పేరు రావడం ఓర్వలేదు, ముసలామె అత్తరికం చూపించింది అని. ఇన్నేళ్లు ఈ ఊరి పిల్లలకు లెక్కలు నేర్పాను. నా నిజం మీద ఒక్కరికీ నమ్మకం కలగలేదు. నా అబద్ధాన్ని అడగకుండానే నమ్మారు.

రెజీనా ఇంటికి వచ్చాక ఒక్కటే అడిగింది. అత్తమ్మా, డబ్బా వెనక డబ్బా తెచ్చి చేతికిచ్చేదాన్ని, నాతో ఒక్క మాట అనేదానికి ఏమైంది మీకు అని. జాలిపడ్డానని చెప్పాను. మీ జాలి మీ దగ్గరే పెట్టుకోండి అంది. ఎప్పటిలాగే వంట చేసింది. నా కంచం నా గదిలో పెట్టింది.

ఏప్రిల్ 7

పట్టపుపాలెం వెళ్లాను. చెంచమ్మ వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. అంత సదువు సదివి సింకుకు తాగిచ్చినావా టీచరమ్మా, దానికి ఇంక ఏ జబ్బూ రాదులే అంది. ఆ తర్వాతి మాటలు రాయను. అన్నీ నాకు తగినవే.

ఆసుపత్రికి రమ్మంటే రానంది. పొడీ అబద్ధమే, మందూ అబద్ధమేమో, ఎవురు తాగినారో ఎవురు పారబోసినారో నాకెట్లా తెలుస్తాది అంది. మగవాళ్లు దెబ్బ చూపించడానికి చొక్కా విప్పినట్టు, జాకెట్టు విప్పి నా కోత చూపించాను. ఆమె భర్త పోలేరయ్య లేచి బయటికి పోయాడు. చెంచమ్మ దగ్గరికి జరిగింది. వేలితో ముట్టుకుంది. నొప్పి ఉండాదా అని అడిగింది.

ఏప్రిల్ 9

నెల్లూరు. డాక్టరమ్మ చెంచమ్మను చూసింది. ఇప్పుడు కోయలేమంది. ముందు కీమో ఇచ్చి, గడ్డ తగ్గితే అప్పుడు ఆపరేషన్. తగ్గకపోతే అన్న మాట పూర్తి చేయలేదు. జనవరిలో వచ్చుంటే అంది. అదీ పూర్తి చేయలేదు.

ఏప్రిల్ 16, రాత్రి 9

చెంచమ్మకు మొదటి కీమో ఎక్కించారు. పక్కనే కూర్చున్నాను. తిరుగుదారిలో వెంకటాచలం దాటాక కారు ఆపేలోపే వాంతి చేసుకుంది, నా ఒళ్లో. తుడుచుకోబోతే, ఉండనీ, దీన్ని గూడా కడిగేస్తావా అంది. వాకాడు దాకా అట్లాగే వచ్చాను.