గీకేసిన పేరు

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. మీ పెళ్లిని చట్టం ఒప్పుకోవాలని వేసిన కేసులో, నువ్వూ టైలరమ్మా ఇరవై ఏళ్లుగా ఒక కుటుంబమేనని రుజువు కావాలన్నావు. మన ఇంటి పెళ్లిళ్లన్నీ రాసుకునే పవిత్ర గ్రంథం మొదటి కాగితం మీద నీ పేరు పక్కన ఆమె పేరు రాశావు కదా, దాన్ని పంపమన్నావు.

ఆ పేరు లేదమ్మా. నువ్వు రాసిన వారంలోనే బ్లేడుతో గీకేశాను. గ్రంథంలో ఒక్క పొల్లు చెరిపినా పాపమేనని గొంతు చించుకుని బోధించేవాణ్ణి, నేను చేసిన పని ఇది. ఊడిపోయిన ఆ గ్రంథం అట్టను కుట్టి ఇచ్చింది టైలరమ్మే. ఆ కుట్ల మీద చెయ్యి వేసే, మీరు నాశనమైపోతారని సభల్లో కేకలు వేశాను.

నిన్న కాగితం వెలుతురుకు ఎత్తి చూస్తే చిల్లు కనబడింది. వెనకవైపు మా పెళ్లి రాసి ఉంది. అక్కడ మీ వదిన పేరు కూడా పోయింది.

ఆమెకు చూపించాను. "బాగుందండీ బోధకులవారూ! మరి నేను మీకేమవుతాను?" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "మనల్ని రుజువు అడిగినవాడు లేడు కాబట్టి బతికిపోయాం. వాళ్లని అడుగుతున్నారు. వెళ్లి చెప్పండి" అంది.

సోమవారం గ్రంథం పట్టుకుని కోర్టుకు వస్తాను. ఆ చిల్లులో ఎవరి పేరుండేదో, చెరిపిన చెయ్యి ఎవరిదో నా నోటితోనే చెబుతాను. టైలరమ్మకు నా మొహం చూడబుద్ధి కాకపోతే చివరి బెంచీలో కూర్చుంటాను. పిలిచినప్పుడే లేస్తాను.

అన్నయ్య అని రాసుకోవడానికి సిగ్గుపడుతూ,
నీ అన్నయ్య