మామ చుక్కలు నా కంట్లో

ఆదోని, గురువారం

అమ్మా, నా చూపు బాగనే ఉంది, ఏడవద్దు. ఫోన్లో ఆయన ముందర చెప్పలేక కార్డు రాస్తాండా.

మార్కెట్ యార్డులో పత్తి దుమ్ము పడి కన్ను ఎర్రబడితే, మీ అల్లుడు మా మామ కంటి ఆపరేషన్‌కు డాక్టర్లిచ్చిన పాత చుక్కలు వద్దన్నా వినకుండా వేసినాడు. మంటకు తట్టుకోలేక నీళ్లతో కడుక్కోని ఆయన్ని తోడుకోని ఆస్పత్రికి పోయినా. డాక్టరమ్మ ఆయన్నే నిలబెట్టి అడిగింది: "ఒకరి మందు ఇంకొకరికి ఎట్ల వేస్తివప్పా? కాచి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన గుడ్డ తడిపి కంటిమీద పెడితే సాలు. రుద్దొద్దు. నొప్పొచ్చినా, చూపు మసకేసినా వెంటనే తీసుకరా."

ఇప్పుడేమో తన చుక్కలకే తగ్గిందని వీధంతా చెప్పుకుంటాండాడు. నాకు వొళ్లు మండిపోతాంది.

మగ్గం కాడ నాయన కండ్లు నీళ్లు కారేది తగ్గిందా? లేకుంటే డాక్టరుకు చూపించు. ఆదివారం అల్లుడు ఎమ్మిగనూరు వస్తాడంట. అన్నం పెట్టు, మర్యాద చెయ్యి, మందు మాత్రం వేయనీయొద్దు.

నాయనకు దండాలు.
సునంద