నడుము కొలత

కొర్నేలియా,

దోనెకు తొడిగే సీలు జంతువుల తోళ్ళు నీళ్ళలోనే నాననివ్వమ్మా, కుక్కలు లాక్కుపోకుండా చూడు. నిన్ను చేసుకోబోయే మతియాసును పిలుచుకురావడానికి వెళ్తున్నాను. అతణ్ణి కొత్త దోనె చట్రంలో కూర్చోబెట్టి చూసేదాకా దాని మీద తోలు కుట్టడం మొదలుపెట్టొద్దు. ముసలాడి చాదస్తమని నవ్వుకో, పరవాలేదు. కూర్చునే కంత నడుము దగ్గర వదులైతే, తిరగబడ్డ దోనెను మనిషి మళ్ళీ లేపలేడు.

చేపల కూర పొయ్యి మీద ఉంది, తిను.

నా కొడుకు ఇసాకు దోనె తిరగబడి మునిగిపోయిన రోజు, "మామయ్యా, ఆ దోనె ఆయన ఒంటికే కొలిచారా?" అని అడిగావు. దేవుడి చిత్తమన్నాను. అది ఆయన చిత్తమో, నా తప్పో, తొమ్మిదేళ్ళుగా మోకరించినప్పుడల్లా అదే సందేహం.

నీకు బాకీపడ్డ జవాబు ఇదమ్మా. వాడు వేట నుంచి వచ్చేదాకా ఆగలేక, వాడి దోనెను నా లావు నడుముకే కొలిచాను.